ఇల్లు పచ్చగుండాల

ఏప్రిల్ 4

పండగ చుట్టాలంతా వెళ్లిపోయారు. గిన్నెలన్నీ తోమి బోర్లించాక ఆదోని ఇంట్లో మళ్లీ మామూలు మనుషులమే మిగిలాం. నేను, అమ్మీ, జుబేర్ భాయ్.

తెలుగులో రాస్తున్నాను. అమ్మీకి చదవడం రాదు, భాయ్‌కు ఓపిక లేదు. బళ్లారిలో ఆ ఇంట్లో అయితే రాసుకునే వీలే లేదు. ఇమ్రాన్ ఏదైనా తీసి చదివేవాడు, చదివి నవ్వేవాడు. ఆ సంగతి ఇక్కడ రాయను. ఖులా తీసుకుని, ఆ పెళ్లి తెంపుకుని వచ్చేశాను. అయిపోయింది.

ఇవాళ రాయాల్సింది వేరే. నాగవేణి ఫోన్ చేసింది. డిగ్రీలో నా పక్కన కూర్చున్న నాగవేణే. ఎమ్మిగనూరులో వాళ్ల మామగారు కొత్త ఇల్లు కట్టించారట, మే తొమ్మిదిన గృహప్రవేశం.

"ఒసేయ్ సమ్రీన్, పెండ్లి గాకముందు బెంగుళూరులో ఇండ్లు సింగారిచ్చే పని సేసినావు గదా. మా హాలు నువ్వే సెయ్యల్ల. నాకు పచ్చ గావాల. యాడ జూసినా పచ్చే ఉండాల."

చేస్తానని ఎంత గట్టిగా అన్నానో, వంటింట్లోంచి అమ్మీ తొంగిచూసింది.

భాయ్ అన్నం తింటూ విన్నాడు. "గోడకు రంగేయనీకి సీమోను ఉండాడు గదా, మధ్యలో నువ్వెందుకు?" అన్నాడు. కాసేపటికి మళ్లీ తనే, "సరే, పో. అది అయినంక మాత్రం కౌతాళం వాళ్లకు జవాబు సెప్పల్ల" అన్నాడు.

భాయ్ నాకు చూసిన కౌతాళం ఆయనకు భార్య పోయి రెండేళ్లు. కాలువ కింద వరి, సొంత ఇల్లు, ట్రాక్టర్. మంచివాడంట. నాకేం అభ్యంతరం లేదు.

ఏప్రిల్ 7

పొద్దున బస్సుకే ఎమ్మిగనూరు వెళ్లాను. పత్తి తీసేసిన నల్ల చేలు దారంతా. ఎక్కడా పచ్చ పోచ లేదు. బస్సు కిటికీ చువ్వ పట్టుకుంటే వేడి.

ఇల్లు బాగుంది. హాలు పెద్దది, కింద నాప బండలు పరిచి నున్నగా పాలిష్ పట్టించారు. పడమటి గోడలో ఇంత పెద్ద కిటికీ. నాగవేణి భర్త హరికృష్ణకు చీరల అమ్మకానికి ఫోటోలు తీసుకోవడానికి వెలుతురు కావాలట.

గిడ్డయ్య మామ నాగవేణికి మామగారు. ముప్పొద్దులా మగ్గం మీద కూర్చుని వీపు కొంచెం వంగింది. ఎక్కువ మాట్లాడడు. ఆయన భార్య హనుమమ్మ మాత్రం నా చేయి పట్టుకుని గదిగదీ తిప్పింది. "ఏం రంగేయమంటావమ్మా?" అని అడిగితే, "పచ్చదేయ్ తల్లీ. కొత్తిల్లు పచ్చగుండాల" అంది.

అత్తా కోడలూ ఒకే మాట. ఇలాంటి ఇల్లు దొరకడం అదృష్టం. నాగవేణి తన ఫోన్‌లో ఒక హాలు చూపించింది, ఏ దేశందో. చిలకపచ్చ, మెరిసిపోతోంది. కొంచెం ఘాటుగా ఉందని నాకు అనిపించింది. అనలేదు. మొదటి పని, మొదటి రోజే వద్దని ఎలా అంటాను?

ఏప్రిల్ 9

కౌతాళం ఆయన ఫోటో వచ్చింది. చొక్కా బాగా ఇస్త్రీ చేసి ఉంది.

ఏప్రిల్ 15

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

సీమోనన్న నాలుగు గోడలూ పూర్తి చేశాడు. మా వీధివాడే, ఇరవై ఏళ్లుగా రంగులేసే మనిషి, పనిలో వంక లేదు. పొద్దున చూస్తే బాగానే ఉంది. మధ్యాహ్నం మూడు దాటాక పడమటి కిటికీలోంచి ఎండ లోపలికి పడింది. పడగానే హాలు హాలంతా మండినట్టయింది. గోడలు, పైకప్పు, బండలు, మా చేతులు, అన్నీ పచ్చగా పాకుడు పట్టినట్టు.

అప్పుడే హనుమమ్మ పసుపు కుంకుమ పళ్లెంతో వచ్చింది. గడపలోనే ఆగిపోయింది.

"ఇదేందే నాగవేణీ?"

"పచ్చ, అత్తా."

"పచ్చంటే పసుప్పచ్చ అనుకుంటి గదనే! గడపకు పూస్తామే, అది! ఈ ఆకుపచ్చ ఎవురడిగినారు?"

ఎవరూ అడగలేదు. ఆమె ఏ పచ్చ అంటోందో నేనూ అడగలేదు. నాగవేణి నన్ను చూసింది, నేను గోడను చూశాను. ఇద్దరం ఒక్కసారైనా నవ్వి ఉంటే అక్కడితో పోయేదేమో. ఈలోపు గిడ్డయ్య మామ వచ్చాడు. చుట్టూ ఒకసారి తల తిప్పి చూశాడు.

"ఇల్లు గట్టమంటే దర్గా గట్టినట్టుండాదే" అన్నాడు.

సీమోనన్న తల వంచుకుని కుంచె తుడుచుకోసాగాడు. నాగవేణి "మామా!" అని ఏడ్చేసింది. నేను సంచీ తీసుకున్నాను. బస్టాండ్ దాకా ఎలా నడిచానో తెలియదు.

ఏప్రిల్ 16

రాయడానికేం లేదు.

ఏప్రిల్ 18

కౌతాళం నుంచి ఆయన అక్క ఫిర్దోస్ ఆపా వచ్చింది. నిన్న భాయే ఫోన్ చేసి రమ్మన్నాడు. ఎమ్మిగనూరు పని ఆగిపోయింది కదా అని.

చాలా మంచి మనుషులు. గట్టిగా ఒక్క మాట లేదు. ఆమె నా చేతి గోళ్లలో ఇంకా మిగిలిన రంగు చూసి, "ఇట్లాంటి పనులు సేస్తాదా?" అని అమ్మీని అడిగింది.

"లేదమ్మా, ఊరికే సరదాకు" అంది అమ్మీ.

నేను చాయ్ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లాను. సబ్బుతో గోళ్లు కడుక్కున్నాను. చాలా మంచి మనుషులు. మే పదకొండున మంగ్నీ, అదే నిశ్చితార్థం, పెట్టుకుందామన్నారు. నాకేం అభ్యంతరం లేదు.

ఏప్రిల్ 20

ఎవరూ పిలవకుండానే ఇవాళ ఎమ్మిగనూరు వెళ్లొచ్చాను.

ఐదు రోజులుగా గిడ్డయ్య మామ అన్న మాటే తిప్పి తిప్పి నమిలాను. నన్ను అన్నాడు, మా వాళ్లను అన్నాడు, ఇక ఆ గడప తొక్కేది లేదు అనుకున్నాను. అనుకుంటూ ఉంటే హాయిగా కూడా ఉంది, అదే విచిత్రం. తప్పంతా ఆయన మీద వేసి పడుకోవచ్చు. కానీ కళ్లు మూస్తే హనుమమ్మ ముఖం కనిపిస్తోంది. గడపలో నిలబడ్డ ఆ మంచి చామనఛాయ ముఖం, ఆ గోడల వెలుగు పడి, పది రోజులు జ్వరంతో లేచినట్టు పాలిపోయింది. ఆ మాట ఆయన అనకపోయినా ఆ రంగు పనికిరాదు. ఎండ పడే గోడకు చిలకపచ్చ వేస్తే ఆ పచ్చ మనుషుల ముఖాల మీదికి వచ్చి కూర్చుంటుంది. నాకు ఆ సంగతి తెలుసు. బెంగుళూరులో మొదటి నెలలో నేర్చుకున్న విషయం. తెలిసి నోరు మూసుకున్నాను.

గిడ్డయ్య మామ పాత ఇంట్లో మగ్గం గుంతలో ఉన్నాడు. నన్ను చూసి, పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపాడు.

"ఇంత ఎండలో వచ్చినావే" అన్నాడు.

దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఏది వస్తే అది అన్నాను.

"మామా, ఆ రంగు బాగలేదు. అది నా తప్పు. అమ్మ ఏ పచ్చ అడుగుతాందో నేను అడగాల్సుండె, అడగల్యా. మీరన్న మాట గూడ బాగలేదు. అది మీ తప్పు. నాది నేను సరిజేస్తా. నాకు ఇంగొక్కసారి హాలు ఇయ్యండి."

వెనకనుంచి హనుమమ్మ, "అయ్యో తల్లీ, మజ్జిగన్నా తాగి మాట్లాడు" అంది. భయపడినట్టుంది.

ఆయన తెగిన పోగు ఒకటి ముడేశాడు. "మల్లా పచ్చేనా?"

"పచ్చే."

"ఎందుకంత పట్టు?"

"మీ కోడలు అడిగింది. ఈ ఊరి ఎండకు అదే సల్లగుంటాది, సరిగ్గా ఏస్తే. ఇంగ…" నాకే తెలియకుండా అనేశాను. "నాకు అది ఇష్టం."

నాకు ఇష్టం అని ఒక మనిషి ముఖం మీద చెప్పి ఎన్నేళ్లయిందో. చెప్పాక నోరు తియ్యగా ఉంది, నిజంగా.

"కానీ పో" అన్నాడాయన. "బాగలేకుంటే నేనే సున్నం కొడతా."

హనుమమ్మ ఇచ్చిన మజ్జిగ రెండు లోటాలు తాగాను.

ఏప్రిల్ 22

ఈసారి ఫోన్‌లో బొమ్మలు వద్దన్నాను. నాగవేణి మూతి ముడుచుకుంది, తర్వాత తనే ఫోన్ లోపల పెట్టేసి వచ్చింది.

సీమోనన్నా నేనూ అట్టముక్కల మీద రంగులు కలిపి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గోడకు ఆనించి చూశాం. ప్రతిదాని పక్కనా హనుమమ్మను నిలబెట్టాను. ఆమెకు మొదట సిగ్గు, తర్వాత సరదా. "ఈ అట్ట పక్కన ఎట్లుండా? ఆ అట్ట పక్కన?" అని తనే అడిగింది.

పచ్చలో చిటికెడు ఎరుపు కలపమన్నాను.

"పచ్చలో ఎరుపా? రంగు సచ్చిపోతాది మ్మా!" అన్నాడు సీమోనన్న.

"సావదన్నా, అణుగుతాది. కలుపు."

కలిపాడు. కొంచెం నలుపు, కొంచెం ఎరుపు, చివర్లో కాస్త పసుపు. వీధి చివర వేపచెట్టు కొమ్మ ఒకటి విరుచుకొచ్చి పక్కన పెట్టాం. ఆకు మీది నిగనిగ కాదు, ఆకు వెనకవైపు ఉంటుందే, దుమ్ము పడినట్టు మెత్తటి పచ్చ, అది రావాలి. ఇంకా రాలేదు.

ఏప్రిల్ 23

వచ్చింది!

హనుమమ్మ దాని పక్కన నిలబడింది. ముఖం ముఖంలా ఉంది. ఇంకా బాగుంది.

ఏప్రిల్ 26

ఉత్తరం గోడ ఒక్కటే పచ్చ. ఈ కాలంలో పడమటి ఎండ దాని మీద నేరుగా పడదు. మిగతా మూడు గోడలకూ తెలుపు, అందులో హనుమమ్మ పసుపు ఒక్క చుక్క. "నీ పసుప్పచ్చ కూడా ఉందమ్మా, చూడు" అంటే, వేలు పెట్టి తడిగోడ తాకేసింది. ఆ వేలి గుర్తు మీద సీమోనన్న మళ్లీ కుంచె వేయాల్సి వచ్చింది. తలుపులకూ కిటికీ చట్రాలకూ ముదురు ఆకుపచ్చ.

ఇక కిటికీ. ఎండను ఆపాలి, వెలుతురును ఆపకూడదు. నాగవేణి ఆకుపచ్చ పరదా తెచ్చి పెట్టింది. వేలాడదీయగానే అందరం మళ్లీ పాకుడు పట్టిపోయాం. ఈసారి మాత్రం నవ్వుకున్నాం, హనుమమ్మ అందరికంటే గట్టిగా.

నేను గిడ్డయ్య మామ దగ్గరికి వెళ్లాను. "మామా, తెల్ల నూలు, ఆకుపచ్చ అంచు. కిటికీకి నేసియ్యల్ల."

"అంచు సీరకుంటాది. కిటికీకి సీర గడతావా?"

"కడతా."

"నా జన్మలో కిటికీకి నేసింది లేదు."

"నా జన్మలో ఇంత పెద్ద కిటికీకి కట్టింది లేదు."

ఆయన నవ్వినట్టే ఉంది. మీసాల వల్ల సరిగ్గా తెలియలేదు. "పన్నా సాలదు, గుడ్డ వెడల్పు తక్కువైతాది. రెండు కలిపి కుట్టాల్సొస్తాది" అన్నాడు. అంటే నేస్తాడన్నమాట.

ఏప్రిల్ 29

ఫిర్దోస్ ఆపా ఫోన్. మంగ్నీకి నాకు ఏ రంగు డ్రెస్ ఇష్టమని అడగలేదు, గులాబీ రంగుది కొన్నామని చెప్పింది. బాగుంటుంది. నాకేం

మే 5

కిటికీ కట్టాం. పొద్దంతా కుట్టు, కొక్కేలు, నిచ్చెన. అంచు మూడు వేళ్ల వెడల్పు, లోపల సన్నగా జరీ గీత ఒకటి. అది నేను అడగలేదు, ఆయనే వేశాడు.

నాలుగు గంటలకు కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. అందరూ ఉత్తరం గోడ దగ్గరికి జరిగి బండల మీద కూర్చున్నారు, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే. ఎండ తెల్లటి నూలులోంచి పాలలా దిగుతోంది. గోడ చల్లగా, మౌనంగా, చెరువు మీది నీడలా ఉంది. నాగవేణి నా భుజం మీద తల పెట్టింది. సీమోనన్న "మ్మా, మా సర్చి ఫాదరుకు గూడ ఇది సూపియ్యల్ల" అన్నాడు.

గిడ్డయ్య మామ చివర్న వచ్చాడు. గోడ ముందు నిలబడ్డాడు, అరచేయి ఆనించాడు. తువ్వాలు తీసి, మడిచి, తల కింద పెట్టుకుని, ఆ గోడ వారనే పడుకున్నాడు. రెండు నిమిషాల్లో గురక.

బస్సులో ఆదోని దాకా నవ్వుతూనే ఉన్నాను. పక్కన కూర్చున్నామె వేరే సీటుకు వెళ్లింది.

మే 6

కౌతాళం ఆయన మంచివాడే. ఇల్లు ఉంది. పొలం ఉంది. నిదానస్తుడు. వాళ్ల అక్క మంచిది. అమ్మీకి నిశ్చింత. భాయ్‌కు నిశ్చింత. నాకు

నాకు అభ్యంతరం ఉంది.

మే 9

గృహప్రవేశం. అమ్మీ కూడా వచ్చింది. నాగవేణి స్వయంగా ఫోన్ చేసి, "నువ్వు రాకుంటే నేను గడప దాటను అమ్మీ" అంది మరి.

హాలు నిండా జనం. పాలు పొంగించారు, పూజ అయింది. నేను వంటింటి తలుపు దగ్గర నిలబడి జనాన్ని కాదు, గోడను చూస్తున్నాను. ఆడవాళ్లు వచ్చి వచ్చి ఉత్తరం గోడ దగ్గరే చేరుతున్నారు. చంటిపిల్లల్ని అక్కడే పడుకోబెట్టారు. పెళ్లికి వెళ్లినట్టు ముస్తాబై వచ్చినవాళ్లు ఆ గోడకు నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. ప్రతి ముఖమూ బాగుంది. ఎరుపు చీర, పసుపు చీర, వంగపండు చీర, ఏ రంగుకా రంగు నిలబడింది. అమ్మీ నల్ల బుర్ఖా కూడా.

నందవరం నుంచి వచ్చిన చుట్టం తిమ్మప్ప పెద్ద గొంతు మనిషి. ఆకు వక్క నములుతూ హాలు మధ్యన నిలబడి అన్నాడు. "ఇల్లు బాగుండాది గిడ్డన్నా. ఆ గోడకు పచ్చ ఎందుకేసినావప్పా, సాయిబుల ఇంటి మాదిరి?"

నేను అమ్మీ వైపు చూశాను. అమ్మీ వింది. అమ్మీకి తెలుగు చదవడం రాదు గానీ, వినడం బాగా వచ్చు.

గిడ్డయ్య మామ కుర్చీలోంచి లేచాడు. హాలు మెల్లగా సద్దుమణిగింది.

"తిమ్మప్పా, ఆ మాట మొదట అన్నోన్ని నేను. దర్గా మాదిరుండాదంటి. అని సిగ్గుపోయినోన్ని గూడ నేనే. నువ్వు మల్లా అనొద్దు." ఆయన నా వైపు చేయి చాపాడు. "ఈ సింగారమంతా ఆ పాప సేసింది. సమ్రీను. ఆదోని పిల్ల. ఆ మూల కూర్చున్నామె వాళ్లమ్మ. నడెండలో ఒక్కతే వచ్చి, నీది తప్పు మామా అని నా మొగం మీద సెప్పింది. ఇన్నేండ్లలో ఒగరన్నా సెప్పినారా నాకు?"

"నేను రోజూ సెప్తానే ఉండా గదా!" అంది హనుమమ్మ.

హాలంతా నవ్వింది. తిమ్మప్ప కూడా నవ్వాడు, కొంచెం ఎర్రబడి. తర్వాత ఆయనే వెళ్లి ఆ గోడకు వీపానించి కూర్చున్నాడు. "సల్లగుండాది ల్యాప్పా" అన్నాడు.

నేను వంటింట్లోకి పారిపోయి ఏడ్చాను. ఇది ఏ ఏడుపో నాకు తెలుసు కాబట్టి ఆపుకోలేదు.

భోజనాల దగ్గర ఒకామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. రేణుక, టీచర్, నందవరంలో ఇల్లు కట్టుకుంటోందట. "పచ్చ కాదు మ్మా, నాకు నీలం ఇష్టం. నీలం సేస్తావా?" అంది. సోమవారం వచ్చి చూస్తానన్నాను. ఏ నీలమో ముందే అడుగుతానని కూడా అన్నాను.

తిరుగు బస్సులో ఎమ్మిగనూరు దాటేదాకా అమ్మీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత, "వాళ్ళందరి ముందర నన్ను నీ తల్లి అని సూపిచ్చినాడు ఆయన" అంది. అంతే.

మే 10

భాయ్‌కు చెప్పాను. అన్నం పెట్టేటప్పుడు కాదు, తన బట్టల దుకాణానికి వెళ్లి, ఎదురుగా నిలబడి చెప్పాను. కౌతాళం సంబంధం వద్దు.

"రేపు మంగ్నీ! ఇప్పుడా సెప్పేది?"

"ఇప్పుడు తెలిసింది భాయ్."

అరిచాడు. గుడ్డల తాను ఒకటి విసిరాడు, నా మీదికి కాదు. "నేను సెప్పను వాళ్లకు. నువ్వే సెప్పుకో" అన్నాడు. నన్ను భయపెట్టాలని అన్నాడు.

సరేనన్నాను.

మే 11

ఆదివారం. పొద్దున్నే నేనే ఫోన్ చేశాను. అమ్మీ పక్కనే బియ్యంలో రాళ్లు ఏరుతోంది. స్పీకర్ పెట్టాను, దాచేదేముంది.

ఫిర్దోస్ ఆపా మొదట నమ్మలేదు. తర్వాత గొంతు మారింది. "మా తమ్మునిలో ఏం లోపం కనపడింది నీకు?"

"ఏ లోపమూ లేదు ఆపా. ఆయన మంచోడే. మీరూ మంచోళ్లే. నేను రాను."

"మీ అమ్మకియ్యి ఫోను."

ఇచ్చాను. అమ్మీ చేతులు దులుపుకుని, ఫోన్ చెవికి పెట్టుకుని, అవతలి మాటలన్నీ ఓపిగ్గా వింది. ఆ మాటలు నాకూ వినబడుతూనే ఉన్నాయి. ఇల్లిల్లూ తిరిగే పిల్ల, ఖులా తీసుకున్న పిల్ల, ఇంకెవరొస్తారు.

"మా పిల్ల సెప్పింది గదమ్మా" అంది అమ్మీ. "అది సెప్పినంక నేను సెప్పేదేముంది? ఖుదా హాఫిజ్."

ఫోన్ నా ఒళ్లో పెట్టి మళ్లీ చేట అందుకుంది. చాలాసేపు రాళ్లు ఏరింది. నేనూ పక్కన కూర్చుని ఏరసాగాను.

"నందవరం బస్సు" అంది తలెత్తకుండానే, "రేపు ఎన్ని గంటలకు?"